నేను నేనేనని ఎవరు చెప్పాలి

మీరు మీరేనని మీ ఆయనతోని రాయించుకొని రాండ్రి మేడం అన్నాడు గుమాస్తా రాజారత్నం, మంచినీళ్లు తాగి రాండ్రి అన్నంత తేలిగ్గా, నా కాగితాలు నా వైపే తోసేసి మళ్లీ రిజిస్టరులో తల పెట్టాడు. అది పన్నెండింటి మాట. ఇప్పుడు నాలుగు దాటింది. అయిదింటికి ఈ దూరవిద్య కేంద్రం తలుపు మూస్తారు, దరఖాస్తులకు ఇవాళే ఆఖరి రోజు, రేపొచ్చి కాళ్లు పట్టుకున్నా తీసుకోరు. నేను వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాను, నలభై అయిదేళ్లదాన్ని, ఏడో తరగతికి సోషల్ చెప్పే టీచర్ని, ఒళ్లో ప్లాస్టిక్ కవరు, కవర్లో నా డిగ్రీ మెమో, అందులో నర్సమ్మ, నా ఓటరు కార్డు, అందులో సరళ. ఆ ఇద్దరూ ఒక్కరేనని నేను చెబితే చెల్లదట. ఎందుకు చెల్లదు? మొహం నాది, పుట్టుమచ్చలు నావి, ఆ మెమోలో ఉన్న మార్కులు సూర్యాపేటలో కిరసనాయిలు దీపం ముందు కూర్చుని నేను తెచ్చుకున్నవి. అప్పటికి మధుసూదన్ అనే మనిషి ఉన్నాడని కూడా నాకు తెలియదు. ఆయన వచ్చి ఈమె ఆమే అని సంతకం పెడితే నేను నేనవుతానట. లేకపోతే ఎవరో అవుతాను.

పక్కన మా అత్తమ్మ చంద్రమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గోడకు చేరగిలబడింది. పోయిన నెల కంటిలో పొర తీశారు, ఇవాళ చూపించుకోవాల్సిన రోజు, అందుకే నిడమనూరు నుంచి పొద్దున్నే ఆమెను కూడా బస్సెక్కించుకుని మిర్యాలగూడ వచ్చాను, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని. ఆమె పని పదకొండింటికే అయిపోయింది. నా పని ఎప్పుడైంది కనుక. దవాఖానలో కూడా నాకు ఒళ్లు మండింది. అందరూ నర్సుని నర్సమ్మా, నర్సమ్మా అని పిలుస్తుంటే ఈమె మాత్రం ఓ సూదమ్మా, జర ఇటు రా అంటుంది, జనం నవ్వుతారు. మా మామయ్య పేరు రామనర్సయ్య. ఆ పేరులో ముక్క కూడా ఈమె నోట రాకూడదు, వస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందట. మట్టపల్లి నరసింహస్వామి ఈమెకు మట్టపల్లి దేవుడు, పక్కింటి నర్సిరెడ్డి ఈమెకు మూలింటాయన. ఇది తప్పని నేనంటే నా వైపు జాలిగా చూస్తుంది, చదువుకున్నదానికి ఈమాత్రం తెలియదే అన్నట్టు. మామయ్య పోయి ఆరేళ్లయింది. ఆయన పోయినా ఆయన పేరు మీద కాపలా పోలేదు.

ఇరవై నాలుగేళ్ల కింద నా పేరు అందుకే పోయింది. డిగ్రీ ఆఖరి పరీక్ష రాసిన నెలకే పెళ్లి. పుట్టిన ఊరు మోతె నుంచి అత్తగారింటికి వచ్చిన రోజే, ఇంకా కాళ్ల పారాణి ఆరలేదు, నీ పేరేంటి పిల్లా అని అడిగారు, నర్సమ్మ అన్నాను, అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మరి నన్ను చంద్రమ్మ ఎట్లా పిలవాలి? కోడలిని పిలిస్తే మొగుడి పేరు పలికినట్టవుతుంది. పలక్కపోతే కోడలికి పని చెప్పేదెట్లా? పెద్ద పెద్ద మీసాల వాళ్లు కూర్చుని ఆలోచించారు. ఏ గొర్రెకు ఏ గుర్తు పెట్టాలో ఆలోచించినట్టే ఆలోచించారు. మధుసూదన్ అప్పుడే రేడియోలో పాట కోరిన శ్రోతల పేర్లు విన్నాడట, వాటిలో సరళ ఉందట, బాగుంది కదా అన్నాడు. అయిపోయింది. నన్ను ఎవ్వరూ అడగలేదు. నేను కూడా ఏమీ అనలేదు, అదే నాకు ఇప్పటికీ అరగనిది. ఆ సాయంత్రం సరళా నీళ్లు తేపో అని ఎవరో కేకేస్తే, ఎవరబ్బా ఈ సరళ అని చుట్టూ చూశాను. మా అమ్మ బతికున్నన్నాళ్లూ మోతె వెళ్తే నర్సమ్మా అని పిలిచేది. అమ్మ పోయి పదేళ్లు. అన్న ఎప్పుడూ చెల్లె అనే అంటాడు.

రైసుమిల్లుల వైపు నుంచి గాలి తిరిగింది, ఉడికిన వడ్ల వాసన, దానితో పాటు నల్లటి ఊక బూడిద వచ్చి నా చీర మీద, కవరు మీద పడుతోంది. దులిపితే మరక అవుతుంది, ఊదాలి, ఈ ఊళ్లో అందరికీ తెలుసు. నేను దులిపాను. కావాలనే దులిపాను, మరకైతే కానీ. నాలుగుంపావు. బయలుదేరిన అన్నాడు మధుసూదన్ ఒంటిగంటకు. సూర్యాపేటలో ఆయన ఆఫీసు బస్టాండుకి అయిదు నిమిషాల దూరం, బస్సులు బోలెడు, ఎంత నిదానంగా వచ్చినా మూడున్నరకల్లా రావాలి. రెండున్నరకు చేస్తే ఎత్తలేదు. మూడింటికి ఎత్తి వస్తున్ననే, టీ తాగుతున్న అన్నాడు. టీ. నాకు పొద్దుట్నుంచి గొంతులో నీటి చుక్క దిగలేదు. మంచివాడు, అందరూ అదే మాట. చేయెత్తడు, తాగడు, నా జీతం అడగడు. నీ అదృష్టమే అని బడిలో టీచర్లు అంటారు, నాకు మాత్రం ఆ అదృష్టం వినగానే పళ్లు కొరకాలనిపిస్తుంది. కొట్టకపోవడం కూడా ఒక గొప్పేనా? ఎద్దు పొడవకపోతే మంచి ఎద్దు అంటాం, సరే. మనిషికి కూడా అదే కొలతా?

ఈ కోర్సు గురించి మా బడిలో పనిచేసి మానేసిన దేవమ్మ టీచరు చెప్పింది. పేపరు కటింగ్ ఒకటి తెచ్చి, ఎం.ఏ.లో స్త్రీ అధ్యయనాలని ఉన్నదట నర్స... అని ఆగి, సరళా అంది. ఆమెకు నా మెమో చూపించాను ఒకసారి. వివరాల పుస్తకం తెప్పించుకుని చూస్తే ముప్పయ్యొకటో పేజీలో ఆరు లైన్లే ఉన్నాయి. కుటుంబం, శ్రమ, ఆచారాలు, చట్టం. ఆచారాలు అనే మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. మామయ్య పోయిన వారానికి పంచాయతీ ఆఫీసులో చావు సర్టిఫికెట్ కోసం అత్తమ్మను తీసుకెళ్లాను, చనిపోయినాయన పేరు చెప్పమ్మా అని కార్యదర్శి అడిగాడు. మా మధు నాయన అంది. పేరు అడుగుతున్న అన్నాడు. ఆమె నా వైపు చూసింది, కోడలిని కదా, నేను మాత్రం పలకొచ్చా, నేనూ నోరు మూసుకున్నాను. ఇద్దరు ఆడవాళ్లం, యాభై ఏళ్లు కాపురం చేసినదొకతె, పద్దెనిమిదేళ్లు వండిపెట్టినదొకతె, పోయిన మనిషి ఎవరో చెప్పలేక నిలబడ్డాం. సంతకం కోసం వచ్చిన ఎవరో నడివయసాయన నవ్వి, రామనర్సయ్య అని రాయండి సార్ అన్నాడు. అందరూ నవ్వారు. అత్తమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎక్కడో ఒక పుస్తకంలో ఎవరో ఒకరు ఇది ఎందుకని అడిగే ఉంటారు, అడిగి దాని మొదలు ఎక్కడుందో వెతికే ఉంటారు, ఆ పుస్తకం నాకు కావాలి. అంతకుమించి నాకేం అక్కర్లేదు. ఉద్యోగం కోసం కాదు, జీతం పెరగదు, నాకు తెలుసు. అది చదవకుండా చచ్చిపోతే నా బతుకు మీద నాకే అసహ్యం వేస్తుంది.

కానీ ఆ కోర్సుకు దరఖాస్తు మిర్యాలగూడలో తీసుకుంటారని కనుక్కోవడానికే ఏడాది పట్టింది. సూర్యాపేటలో ఒక కాలేజీ ఆఫీసులో అడిగితే, లేడీస్ కోర్సా మేడం, కుట్టు మిషనుది ఎనకాల బిల్డింగుల, బ్యూటీషియనుది ఇగ బంద్ అయింది అన్నాడు. కుట్టు కాదు బాబూ, ఆడవాళ్ల గురించి చదివేది అన్నాను. ఆడోళ్ల గురించి సదివేదేముంటది మేడం అని పక్కవాడితో కళ్లతో ఏదో అన్నాడు. మధుసూదన్ ఆఫీసుకు వెళ్తే ఆయన స్నేహితుడు, వదినమ్మా, మగోళ్ల మీద గూడ ఒక కోర్సు పెట్టమనరాదు, మా బాధలు ఎవలు రాయాలె అన్నాడు, మా ఆయన నవ్వాడు. ఎంత బాగా నవ్వాడో. కోదాడలో అమ్మాయి లత ఇంజినీరింగ్ చదువుతోంది, దాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడ డిగ్రీ కాలేజీలోనూ అడిగాను. అక్కడ మర్యాద ఎక్కువ, కుర్చీ వేశారు, మేడం గారూ, ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ, పాపని చదివించుకోండి హాయిగా అన్నారు. హాయిగా అట. బయటికి రాగానే లత, అమ్మా, నా ఫ్రెండ్స్ ఉన్నప్పుడు గిట్ల అడగకే, నవ్వుతున్రు అంది. దాని మీద కోపం రాలేదు, కాసేపటికి వచ్చింది, బస్సు మునగాల దాటాక వచ్చింది, నా ఫీజు కట్టుకోనివ్వని లోకంలోకి నేను కట్టిన ఫీజులతోనే దాన్ని పంపాను కదా అనిపించి.

ఇంట్లో అత్తమ్మకు మాత్రం ప్రమోషన్ పరీక్ష అని అబద్ధం చెప్పాను. నిజం చెబితే ఏమంటుందో నాకు తెలుసు అనుకున్నాను. ఇప్పుడు ఆమె కొంగు చివరి ముడి విప్పి, వక్క ముక్క బుగ్గన పెట్టుకుని, మధు రాలేదానే అంది. రాలేదు అన్నాను. వస్తడు తియ్ అంది. ఆ తియ్ విన్నప్పుడల్లా నా తల పగిలిపోతుంది. వస్తాడు తియ్, చేస్తాడు తియ్, ఇస్తాడు తియ్. ఆమె కంటి ఆపరేషనుకు కూడా వస్తాడు తియ్ అని రెండేళ్లు కూర్చుంది, చివరికి తీసుకొచ్చింది నేను.

నాలుగున్నర అవుతుండగా ఫోన్ మోగింది. సరళా, గీడ పెద్దసారు తనిఖీకొచ్చిండు, కదలొస్తలేదే అన్నాడు. టీ తాగుతున్నానన్నావు కదా అన్నాను. గప్పుడు తాగిన, గిప్పుడొచ్చిండు అన్నాడు. ఆఖరి రోజు అన్నాను. వచ్చే ఏడు కట్టుకోరాదు, కోర్సు యాడికి పోతది అన్నాడు. కోర్సు ఎక్కడికీ పోదు, నేను పోతాను, నాకు వచ్చే ఏడు నలభై ఆరు అన్నాను. గిప్పుడు నువ్వు సదివి ఎవల్ని ఉద్ధరిస్తవే, ఆడోళ్ల గురించి గంత తెలుసుకోవాల్నంటె మా అమ్మ ఉన్నది కదా, అడుగు, అన్నీ చెప్తది అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గర నాకు ఏమైందో తెలియదు, బల్ల మీద నుంచి లేచి నిలబడి, వరండాలో జనం ఉన్నారని కూడా చూడకుండా అరిచాను. నీ అమ్మకు నా పేరే పలకరాదు, ఆమె ఏం చెప్తది నాకు, నా పేరు పీకేసింది మీరు, ఇప్పుడు ఆ పేరు నాదేనని చెప్పడానికి బస్సెక్కడం కూడా నీకు కష్టమైంది, మీ ఆచారమేందో ఎందుకో చదువుదామనే నేను ఇక్కడ కూర్చున్నా, ప్రమోషనూ లేదు ఏమీ లేదు, ఫోన్ పెట్టేయ్ అన్నాను. నేనే పెట్టేశాను. అత్తమ్మ నోట్లో వక్క నమలడం ఆగిపోయింది. నల్ల అద్దాల వెనక ఆమె ఎటు చూస్తోందో తెలియలేదు, తెలుసుకోవాలని కూడా నాకు లేదు.

లోపలికి వెళ్లి, ఆయన రాడు అన్నాను. రాజారత్నం గడియారం చూసి, అట్లనా మేడం, ఇంటి పెద్దోళ్లెవరన్న ఉన్నా సాలు, పెండ్లికి ముందు పేరు ఎరికున్నోళ్లు అన్నాడు. ఈ మాట పన్నెండింటికి ఎందుకు చెప్పలేదని అడిగాను. మీ ఆయన వస్తడంటిరి కదా అన్నాడు. చదువు రానోళ్లయితే నోటితోని చెప్పాలె, నేను రాసుకుంట, వేలిముద్ర ఏపిచ్చుకుంట అన్నాడు. పెద్దవాళ్లు ఉన్నారు, బయట బల్ల మీదే ఉన్నారు. ఆమె నోటితో ఆ పేరు చెప్పాలట. నాకు నవ్వొచ్చింది, నిజంగానే వచ్చింది, ఇంతకంటే బాగా నన్ను ఎవరూ వెక్కిరించలేరు. కాగితాలు కవర్లో పెట్టుకుంటున్నాను. అప్పుడు అత్తమ్మ గుమ్మం పట్టుకుని లోపలికి వచ్చింది, తలుపులు తీసే ఉన్నాయి, అన్నీ విన్నట్టుంది. ఎక్కడ కూసోవాల్నయ్యా అంది.

రాజారత్నం కుర్చీ జరిపాడు. తెల్ల కాగితం తీశాడు. ఈమె నీకేమైతది పెద్దమ్మా అన్నాడు. కోడలు. పేరు? సరళ. పెండ్లికి ముందు ఏం పేరుండె? గా కాయితంల ఉన్నదే అంది. కాగితంల ఉన్నది గాదమ్మా, నువ్వు చెప్పాలె, నేను చెప్తే నేను చెప్పినట్టైతది అన్నాడు. మట్టపల్లి దేవుని పేరు అంది. దేవుని పేరు కాదు, ఈమె పేరు అన్నాడు. గోడ గడియారంలో పది తక్కువ అయిదు. అటెండరు వచ్చి ఒక కిటికీ మూసేశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పంచాయతీ ఆఫీసులో పెట్టుకున్నట్టే, నాకు ఆ కొంగు లాగేయాలనిపించింది. చెప్పదు. ఈమె చెప్పదు. చచ్చినవాడి ఆయుష్షు తగ్గుతుందా ఇంకా? ఏం మిగిలింది తగ్గడానికి? నా ఇరవై నాలుగేళ్లు ఈమె పెదవుల మీద ఆగి ఉన్నాయి, ఈమెకది పట్టదు, ఈమె సంసారం, ఈమె మంగళసూత్రం, తీసేసిన సూత్రం కోసం కూడా ఈమెకు భయమే. వద్దులే అత్తమ్మా, పద పోదాం అన్నాను. జాలితో అనలేదు, ఆమెను ఇంకొక్క నిమిషం చూడలేక అన్నాను.

నువ్వాగు అంది. కొంగు తీసి ఒళ్లో పెట్టుకుంది. నర్సమ్మ అంది.

మామూలుగా అంది, వాకిట్లోకి ఎవరినో పిలిచినట్టు. రాజారత్నం రాసుకున్నాడు. ఆమె ఆగలేదు. మా ఇంటాయన పేరు రామనర్సయ్య, గా పేరు నా నోట్లెకు రావద్దని ఈమె పేరు తీసేసినం, ఈమెను అడగలే, అది గూడ రాయి అంది. అది అవసరం లేదు పెద్దమ్మా అన్నాడు అతను. నాకవసరం, రాయి అంది. అతను నా వైపు ఒకసారి చూసి రాశాడు. ఆమె బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద పెట్టించాడు.

కప్పు కూలలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, రోడ్డు మీద లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. అందరూ అడుగుతారేమో, అప్పుడు నీకు సంతోషం వేసిందా, కళ్లు చెమ్మగిల్లాయా అని. లేదు. నాకు అంతకుముందెప్పుడూ రానంత కోపం వచ్చింది. ఇంత తేలికా ఇది? మూడు అక్షరాలు, కన్ను మూసి తెరిచేంత సేపు, ఒక్కసారి కొంగు తీస్తే వచ్చేసే మాట. దీని కోసమా నేను ఇరవై నాలుగేళ్లు ఎవరో రేడియో శ్రోత పేరు మోశాను? కొండ అనుకుని దాని చుట్టూ తిరిగాం మేమందరం, తీరా చూస్తే అక్కడ ఏమీ లేదు. కొండ ఉండి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. రాజారత్నం దరఖాస్తు ముందుకు జరిపి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపించాడు. మూడు చోట్లా నర్సమ్మ అని సంతకం పెట్టాను, పెన్ను కాగితంలోకి దిగబడేలా. అతను ముద్ర కొట్టి రసీదు చించి ఇచ్చాడు. దాని మీది నంబరు, తేదీ, కోర్సు పేరు ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ అక్కడే నిలబడ్డాను, వీళ్లు ఎక్కడ ఏం తప్పు రాశారో అని, కుట్టు మిషనని రాసినా రాస్తారని.

వెనక ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, నర్సమ్మా, పోదాం పా, బస్సు పోతది అని. నేను రసీదులో రెండో లైను చదువుతున్నాను. మళ్లీ పిలిచారు. అటెండరు రెండో కిటికీ కూడా మూశాడు. మూడోసారి అత్తమ్మ వచ్చి, సిరా అంటిన చేత్తో నా భుజం పట్టి కుదిపింది. అప్పుడు గానీ పిలుస్తున్నది నన్నేనని నాకు తెలియలేదు.